ఆగిపోయిన ఎస్.ఆర్. 4759 పౌడర్ ఎక్కడ దొరుకుతుంది, మార్పిడి ఎలా చేసుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా రెండుసార్లు చదివా. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు అదేంటో చెప్పేస్తా. ఈ తమ్ముడు హ్యూస్టన్ పక్కన ఉంటాడు, మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన పాత 7.62 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఒకటి ఇక్కడ సర్‌ప్లస్‌లో కొనుక్కున్నాడు, సీసం బుల్లెట్లు ఇంట్లోనే పోతపోసుకుని 100 గజాలు, 200 గజాల టార్గెట్ మ్యాచ్‌లు కొడతాడు, నెలకి ఓ 60 రౌండ్లు. తూటాల్లో నింపుకోడానికి వాడే మందు (పౌడర్) ఐ.ఎం.ఆర్. వాళ్ళ ఎస్.ఆర్. 4759. కంపెనీ అది ఆపేసి పదేళ్ళు దాటింది, ఇతని డబ్బా అడుగంటింది. ఇప్పుడొక పెద్దాయన 4 పౌండ్లు ఇస్తానంటున్నాడు, అందులో 2 సీలు తియ్యనివి, 2 ఓపెన్ చేసినవి, బదులుగా వార్గెట్ అనే ఇంకో పౌడర్ కొత్త 8 పౌండ్ల జగ్గు అడుగుతున్నాడు. తీసుకోవచ్చా, ఇంకెక్కడైనా దొరుకుతుందా, హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కి కొంచెం తీసుకెళ్ళొచ్చా, ఇవీ ప్రశ్నలు.

పౌడర్ సంగతి తర్వాత, ముందు నీ వీసా ఏంటో చెప్పు. నువ్వు రాయలేదు కాబట్టి అడుగుతున్నా. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే గొడవ లేదు. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే మాత్రం ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ నీ దగ్గర ఉండకూడదు, దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది ఏదో ఒక స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ మినహాయింపు. చాలామంది మనవాళ్ళు తుపాకీ కొనేటప్పుడు ఆ లైసెన్స్ చూపించి కొంటారు, తర్వాత ఏడాది అది ఎక్స్‌పైర్ అయిపోతుంది, పట్టించుకోరు. ఇక్కడ తెలుసుకోవాల్సిన ముక్క ఏంటంటే ఆ చట్టంలో అమ్యూనిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు, ఖాళీ కేసు (తూటా గొట్టం), ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ళ), బుల్లెట్, పౌడర్ అన్నీ అందులోకే వస్తాయి. అంటే తుపాకీ ఫ్రెండ్ ఇంట్లో పెట్టేసి నా దగ్గర పౌడర్ డబ్బానే కదా ఉంది అనుకున్నా తప్పించుకోలేవు. లైసెన్స్ తేదీ ఇవాళే చూస్కో, డౌట్ ఉంటే లాయర్‌ని అడుగు, గ్రీన్ కార్డ్ క్యూలో పదిహేనేళ్ళు నిలబడి ఒక డబ్బా పౌడర్ కోసం పోగొట్టుకుంటావా.

ఇక పౌడర్. అసలు ఇవి ఎందుకు ఆగిపోతాయో తెలిస్తే వెతకడం కొంచెం తేలికవుతుంది. డబ్బా మీద ఉన్న పేరు వేరు, లోపల మందు తయారు చేసే ఫ్యాక్టరీ వేరు. ఐ.ఎం.ఆర్. అనేది డ్యూపాంట్ వాళ్ళ పాత లైన్, చేతులు మారి 2003 లో కాన్సస్‌లోని హాజ్డన్ వాళ్ళ దగ్గరికి వచ్చింది. వించెస్టర్ పేరుతో అమ్మే పౌడర్లు 2006 నుంచి వాళ్ళ లైసెన్స్ కిందే, యాక్యురేట్, రామ్‌షాట్ 2020 లో వాళ్ళే కొనేశారు. షాపులో నాలుగు కంపెనీలు కనిపిస్తాయి గానీ వెనకాల ఒకే ఇల్లు అన్నమాట. ఆ ఇంటికి కూడా సరుకు వచ్చేది బయటి ఫ్యాక్టరీల నుంచే, బాల్ పౌడర్ (గుండ్రటి గింజలది) ఫ్లోరిడాలో సెయింట్ మార్క్స్ నుంచి, కడ్డీ పౌడర్ కెనడాలో వ్యాలీఫీల్డ్ నుంచి, వార్గెట్, హెచ్4350 లాంటివి ఆస్ట్రేలియాలో ముల్వాలా నుంచి. ఈ ఫ్యాక్టరీలకి అసలు కస్టమర్ మిలిటరీ. మనం ఏడాదికి రెండు డబ్బాలు కొనే బాపతు, మన కోసం మెషిన్ ఆపి వేరే పౌడర్‌కి సెట్ చేసి చిన్న బ్యాచ్ తియ్యాలంటే వాళ్ళకి గిట్టదు. 2022 లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పౌడర్‌కి మూలసరుకైన నైట్రోసెల్యులోజ్ చాలావరకు ఫిరంగి గుండ్లకే పోతోంది, అందుకే మామూలుగా దొరికే పౌడర్లు కూడా చాలాసార్లు షెల్ఫ్ మీద ఉండట్లేదు, ఉన్నవి కూడా 2019 నాటి రేటుకి దాదాపు రెట్టింపు. ఈ పరిస్థితిలో ఆపేసిన చిన్న పౌడర్ని మళ్ళీ మొదలుపెడతారని ఆశ పెట్టుకోకు.

అందుకే ఎవరైనా "నా పౌడర్ ఆపేశారు" అంటే నేను మొదట అడిగేది అది నిజంగా చచ్చిందా, పేరు మార్చుకుని బతికుందా అని. వించెస్టర్ 540 ఆపేశారని పాత షాట్‌గన్ వాళ్ళు బాధపడతారు, హెచ్.ఎస్.-6 అదే మందు. 571 పోయింది, అదే హెచ్.ఎస్.-7 గా కొన్నాళ్ళు వచ్చి అదీ పోయింది. హెచ్.పి.-38, వించెస్టర్ 231 ఒకటే, హెచ్110, 296 ఒకటే, హెచ్414, 760 ఒకటే. ఒకటి షాపులో లేకపోయినా రెండోది ఉండొచ్చు, సగం మందికి తెలీక ఖాళీ చేతులతో వెళ్ళిపోతారు. హెచ్4227 కూడా ఇలాగే, చివరికి ఐ.ఎం.ఆర్. 4227 తో ఒకటే అయ్యాక హెచ్ పేరు తీసేశారు. అయితే ఇప్పుడు ఒకటే అంటే నలభై ఏళ్ళ కిందటి డబ్బాలో కూడా ఒకటే అని కాదు, ఏ డబ్బాకి ఆ డబ్బా డేటానే (కంపెనీ అచ్చేసిన తూకాల పట్టిక) వాడాలి.

నీ 4759 కి మాత్రం ఇలాంటి కవల లేదు. అది నిజంగానే పోయింది.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఒకటుంది, ఇది చదివే కొత్తవాళ్ళు రెండుసార్లు చదవండి. ఎస్.ఆర్. 4756 అని ఇంకో పౌడర్ ఉండేది, అదీ ఐ.ఎం.ఆర్. వాళ్ళదే, అదీ ఆపేశారు, అదీ పాత డబ్బాల్లో తిరుగుతోంది. చివరి అంకె ఒక్కటే తేడా. 4759 కడ్డీ పౌడర్, రైఫిల్‌లో వాడేది. 4756 రేకు పౌడర్, షాట్‌గన్‌కీ పిస్టల్‌కీ వాడేది, చాలా స్పీడుగా కాలుతుంది. 4759 కి రాసిన తూకం 4756 వేశావంటే రైఫిల్ పగులుతుంది, మొహం కూడా పోవచ్చు. ఫోన్లో "ఫార్టీ సెవెన్ ఫిఫ్టీ సమ్‌థింగ్ ఉంది బ్రదర్" అనేవాళ్ళ దగ్గర లేబుల్ ఫోటో అడగకుండా కదలొద్దు. హెచ్4831, ఐ.ఎం.ఆర్. 4831 కూడా ఇదే కథ, నంబర్ ఒకటే, మందు వేరు, ఐ.ఎం.ఆర్. ది త్వరగా కాలుతుంది.

ఎక్కడ దొరుకుతుంది అంటే, ఇంటర్నెట్‌లో దొరకదు అనే చెప్తా. అంటే ప్రకటనలు ఉంటాయి, "4 పౌండ్స్, విల్ షిప్" అని. ప్రైవేట్ మనిషి పౌడర్ షిప్ చెయ్యడం అంటే మాటలు కాదు. పోస్టాఫీసులో పౌడర్ పంపడం పూర్తిగా నిషేధం. యు.పి.ఎస్., ఫెడెక్స్ వాళ్ళు ప్రమాదకర సరుకు కింద ముందే ఒప్పందం ఉన్న షిప్పర్ల దగ్గరే తీసుకుంటారు, ఆ ట్రైనింగ్, ఆ ప్యాకింగ్, ఆ కాగితాలు ఇంట్లో కూర్చున్న వాడి దగ్గర ఉండవు. అందుకే షాపు నుంచి తెప్పిస్తే హజ్‌మాట్ ఫీజు అని అదనంగా వేస్తారు. ఇంట్లోంచి షిప్ చేస్తానన్నవాడు రెండింట్లో ఒకటి, అబద్ధం చెప్పి మామూలు పార్శిల్‌లో పెట్టి పంపేవాడు, లేదా డబ్బులు తీసుకుని ఏమీ పంపనివాడు. ఈ షార్టేజ్ మొదలయ్యాక రెండో రకం పుట్టగొడుగుల్లా లేచారు, ముందు డబ్బులు పంపమంటాడు, అదీ ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద (మోసపోతే వెనక్కి రాని పద్ధతి), కరెక్టు రేటు కంటే తక్కువకి. అంత అరుదైన సరుకు తక్కువ రేటుకి తెలీనివాడికి ఎవడిస్తాడు, ఆలోచించు.

మరి నిజంగా దొరికేది ఎక్కడంటే ముసలాళ్ళ దగ్గర. జోక్ చెయ్యట్లా. సీసం బుల్లెట్లతో మ్యాచ్‌లు కొట్టేవాళ్ళలో చాలామంది డెబ్బై దాటినవాళ్ళే, 4759 ఆపేస్తున్నారని తెలిసినప్పుడు వాళ్ళే పెట్టెలకి పెట్టెలు కొనిపెట్టుకున్నారు, ఇప్పుడు కొందరికి కళ్ళు కనపడక మానేశారు, కొందరు పోయారు. క్యాస్ట్ బుల్లెట్ అసోసియేషన్ మ్యాచ్‌లు ఎక్కడ జరుగుతుంటే అక్కడికి వెళ్ళు, నువ్వు కొట్టేది ఎలాగూ అవే దూరాలు, మిలిటరీ రైఫిల్ క్లాసు కూడా ఉంటుంది, నీ ఎన్‌ఫీల్డ్ చూస్తే పది మంది చుట్టూ చేరతారు. ఇండియాలో తయారైంది అని చెప్పు, నువ్వు ఎన్.సి.సి. లో దీని అన్నలాంటి .303 పట్టుకుని ఉంటే అదీ చెప్పు, ఇక మాటలు వాటంతట అవే నడుస్తాయి. మొదటి రోజే పౌడర్ అడక్కు. టార్గెట్లు కట్టడానికీ, తియ్యడానికీ, స్కోర్లు రాయడానికీ సాయం చెయ్యి, రెండో మూడో మ్యాచ్‌లో ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే "నువ్వేం పౌడర్ వాడతావ్" అని అడుగుతారు. వాళ్ళకి డబ్బు మీద కంటే అది సరిగ్గా వాడేవాడి చేతికి వెళ్ళాలన్నదాని మీదే పట్టింపు ఎక్కువ.

ష్యూట్‌జెన్ వాళ్ళు అని ఇంకో గుంపు ఉంటుంది, జర్మన్ల నుంచి వచ్చిన పాత పద్ధతి, ఒక్కో తూటా పెట్టి నిలబడి కొట్టే 200 గజాల ఆట, .32-40 లాంటి పాత కేసులు వాడతారు. 4759 అంటే వాళ్ళకి ప్రాణం, వాళ్ళ దగ్గర నిల్వలు ఉంటాయి గానీ ఇవ్వరు, వాళ్ళలో ఎవరైనా ఆట మానేస్తే తప్ప.

క్లబ్బులో ఎవరైనా పెద్దాయన పోయినప్పుడు వాళ్ళావిడ గరాజ్ ఖాళీ చెయ్యమని క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేస్తుంది, అసలు సరుకు బయటికి వచ్చేది అక్కడ. నా మాటగా ఒకటి రాసుకో, ఆవిడకి వాటి విలువ తెలీదు కదా అని పది డాలర్లు చేతిలో పెట్టి తెచ్చుకునేవాళ్ళు ఉంటారు, నువ్వు అలా చెయ్యకు. ఇవాళ షాపులో కొత్త పౌడర్ పౌండు ఎంతో ఆ రేటు ఇవ్వు, పాడైనవి ఏవో చెప్పి పక్కన పెట్టు, వాటిని వదిలించుకోడానికి సాయం చెయ్యి. ఇలాంటి విషయాలు క్లబ్బులో పాకిపోతాయి, రెండోసారి ఫోన్ నీకే వస్తుంది. గన్ షోలు కూడా చూడొచ్చు గానీ అక్కడ రేటు వినగానే నీరసం వస్తుంది. అంతకంటే చిన్న టౌన్లలో, హైవేకి దూరంగా ఉన్న హార్డ్‌వేర్, ఫీడ్ షాపుల్లో వెనక అల్మారాల్లో ఇప్పటికీ పాత స్టాకు ఉంటుంది, వెస్ట్ టెక్సాస్ వైపు వెళ్ళినప్పుడు ఆగి అడుగు, పోయేదేముంది.

సరే, మనిషి దొరికాడు, డబ్బా చూపిస్తున్నాడు. ఏం చూడాలి?

మొదట లేబులూ లాట్ నంబరూ (ఏ బ్యాచ్‌లో తయారైందో చెప్పేది), ఫోటో తీస్కో. ఆ నంబర్ రీకాల్‌లో ఉందేమో కంపెనీ సైట్‌లో చూడు. ఐ.ఎం.ఆర్. 4007 ఎస్.ఎస్.సి. అని ఇంకో ఆగిపోయిన పౌడర్ ఉంది, అందులో కొన్ని లాట్లు త్వరగా పాడైపోయి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచింది. అవి ఇంకా జనాల గరాజుల్లో ఉన్నాయి, తెలీనివాళ్ళు "రేర్ పౌడర్" అని మార్చుకుంటున్నారు.

తర్వాత మూత. మెల్లగా తిప్పి ముక్కు లోపల పెట్టకుండా చేత్తో గాలి ఇటు తోసుకుని వాసన చూడు. మంచి పౌడర్ ఈథర్, స్పిరిట్ కలిసినట్టు, ఘాటుగా ఉన్నా శుభ్రంగా ఉంటుంది. పాడైంది పుల్లగా, ముక్కు లోపల మండేలా ఉంటుంది, అది యాసిడ్. ఇంకా ముదిరితే మూత తియ్యగానే ఎర్రటి గోధుమరంగు పొగ లేస్తుంది, అప్పుడు మూత పెట్టేసి బయట ఖాళీ చోట పెట్టి దూరం జరుగు. వాసన బాగుంటే తెల్ల కాగితం మీద ఒక చెంచాడు పొయ్యి. గింజలు ఒకే రంగులో, ఒకే సైజులో, విడివిడిగా ఉండాలి. 4759 గింజ పొట్టిగా ఉంటుంది, దగ్గరగా చూస్తే మధ్యలో సన్న రంధ్రం కనపడుతుంది. ఆ గింజల్లో రేకులు కనిపించాయా, అందులో ఇంకోటి కలిసినట్టే. కాగితం వంచి గింజలు తీసేశాక మిగిలిన దుమ్ము చూడు, తుప్పు రంగు దుమ్ము మిగిలితే వద్దు. పాత రేకు డబ్బాల మూతకి లోపలివైపు తుప్పు ఉంటే కొందరు తేమ అంటారు, అయ్యుండొచ్చు కూడా, కానీ నేనైతే తీసుకోను.

ఎందుకిలా పాడవుతుంది అంటే నైట్రోసెల్యులోజ్ ఊరికే ఉన్నా నెమ్మదిగా విడిపోతూనే ఉంటుంది, ఆ వచ్చే ఆవిరిని పీల్చుకోడానికి డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది ఉన్నంతకాలం ఏం కాదు, చల్లగా పెడితే యాభై ఏళ్ళ పౌడర్ కూడా బ్రహ్మాండంగా కాలుతుంది. అది అయిపోయాక మాత్రం యాసిడ్ పెరిగి యాసిడ్ వల్లే ఇంకా త్వరగా పాడవుతుంది. దీనికి పెద్ద శత్రువు వేడి. కాబట్టి తయారైన ఏడాది కంటే ఎక్కడ పెట్టాడన్నదే ముఖ్యం. మన హ్యూస్టన్ గరాజ్‌లో ఎండాకాలాలు గడిపిన పదేళ్ళ డబ్బా కంటే మిచిగన్ బేస్‌మెంట్లో ఉన్న ముప్ఫై ఏళ్ళ డబ్బా నయం. పెద్దాయన్ని అది కూడా అడుగు.

ఓపెన్ డబ్బా విషయంలో నా పద్ధతి కఠినం. సీలు తీసిందల్లా పాడైందని కాదు. కానీ రీలోడింగ్, అంటే తూటాలు ఇంట్లోనే నింపుకోడం, చేసేవాడు బెంచి మీద రెండు డబ్బాలు పెట్టుకుని మిగిలింది కొలిచే మెషిన్ హాపర్లోంచి పొరపాటున వేరే డబ్బాలో పోసేసిన రోజు ప్రతి ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది, ఆయన ఎంత జాగ్రత్తపరుడైనా. రైఫిల్ పౌడర్లో పిడికెడు పిస్టల్ పౌడర్ కలిసిందంటే కంటితో కనిపెట్టడం కష్టం, బ్యారల్లో తెలుస్తుంది. నాకు పాతికేళ్ళుగా తెలిసిన మనిషి ఇచ్చినా ఓపెన్ డబ్బా వద్దంటా, మొహమాటం లేదు. వేరే డబ్బాలో పోసి స్కెచ్ పెన్నుతో పేరు రాసిందైతే అసలు ముట్టుకోవద్దు.

లాట్ గురించి ఇంకో మాట. ఒకే పేరు, ఒకే ఫ్యాక్టరీ, అయినా ప్రతి బ్యాచ్ కొంచెం తేడాగా కాలుతుంది, అమ్మ పెట్టే ఆవకాయ ఏ ఏడాదిది ఆ ఏడాదిదే అయినట్టు. కాబట్టి కొత్త డబ్బా వచ్చింది కదా అని నీ పాత తూకమే వేసుకుని మ్యాచ్‌కి వెళ్ళిపోకు, పబ్లిష్ అయిన డేటాలో కింది తూకం దగ్గర మొదలుపెట్టి మళ్ళీ ఎక్కుతూ రా. రెండు డబ్బాలు తీసుకుంటే రెండూ ఒకే లాట్ అయ్యేలా చూసుకో, మార్పిడిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదే. వేరే లాట్ 3 పౌండ్ల కంటే ఒకే లాట్ 2 పౌండ్లు నాకు ఎక్కువ విలువ. బెంచి మీద రైఫిల్ ఆనించి కొట్టే బెంచ్‌రెస్ట్ వాళ్ళని చూడు, 1970ల మధ్యలో 6 పి.పి.సి. అనే తూటా వచ్చాక మిలిటరీ సర్‌ప్లస్‌గా వచ్చిన పాత 8208, టి-32 పౌడర్ల కోసం ఎలా కొట్టుకున్నారో, కెగ్గులకి కెగ్గులు దాచుకున్నారు, పోయాక కొడుకులు అమ్ముకున్నారు. 2010 లో ఐ.ఎం.ఆర్. 8208 ఎక్స్.బి.ఆర్. అని కొత్తది వచ్చింది, ఆ పాత పేరు మీద ఉన్న మోజు తెలిసే ఆ నంబర్ పెట్టారని నా అనుమానం, మంచి పౌడరే గానీ పాతదాని డేటా దానికి వాడకూడదు.

ఎంత సంపాదించాలి అన్నదానికి ఒక లెక్క చెప్తా. పౌండుకి 7000 గ్రెయిన్లు. లెక్క కోసం తూటాకి 20 గ్రెయిన్లు అనుకుంటే (ఇది లోడ్ డేటా కాదు, నీ పుస్తకం నువ్వు చూస్కో) పౌండుకి 350 రౌండ్లు. నెలకి 60 కొడితే పౌండు ఆరు నెలలు వస్తుంది. సీసం బుల్లెట్లకి బ్యారల్ అరగదు కాబట్టి నీకు లెక్క వేరు, అదే రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్లతో 6 ఎం.ఎం. కొట్టేవాడైతే బ్యారల్ రెండు వేల రౌండ్లకి అటూ ఇటూగా పోతుంది, ఆ బ్యారల్ ఉన్నంతవరకు సరిపడా పాత పౌడర్ దొరికితే చాలు, కొత్త బ్యారల్‌కి కొత్త పౌడర్‌తో మొదలుపెట్టుకోవాలి. అంతకు మించి వేటాడటం నా దృష్టిలో పిచ్చి. మ్యాచ్ గెలిపించేది పౌడర్ కాదు, ప్రాక్టీస్‌కి భయపడకుండా ఖర్చు పెట్టగలిగినంత పౌడర్. "ఇది అయిపోతే మళ్ళీ దొరకదు" అని ప్రాక్టీస్ మానేసి డబ్బా చూసుకుంటూ కూర్చున్నవాళ్ళని నేను చూశా, స్కోర్లు కిందకే పోయాయి.

నీకు ప్రత్యామ్నాయం యాక్యురేట్ 5744. 4759 ఎందుకు బాగుండేదంటే అది ఉబ్బెత్తు పౌడర్, కొంచెం తూకానికే కేసులో చాలా చోటు నింపుతుంది, అందుకే తుపాకీ పైకెత్తినా కిందికి దించినా పౌడర్ ప్రైమర్ దగ్గర నుంచి దూరం పోదు, వేగం మారదు, టార్గెట్ మీద తూట్లు పైకీ కిందికీ సాగవు. పొరపాటున రెండుసార్లు పోస్తే కేసులోంచి పొంగేంత పని అవుతుంది, కంటికి కనపడుతుంది. 5744 కి వేగం మారని గుణం చాలావరకు ఉంది, రెండుసార్లు పోస్తే పొంగుతుందని మాత్రం నమ్ముకోకు, తక్కువ ప్రెషర్లో కాలని గింజలు బ్యారల్లో మిగులుతాయి, కొత్తవాళ్ళు అది చూసి కంగారుపడతారు, మామూలే అది, తుడుచుకుంటే పోతుంది. అలయంట్ వాళ్ళ 2400 పౌడర్ కూడా పనికొస్తుంది, చాలామంది దానితోనే గెలుస్తారు, కానీ నీ కేసులో అది రెండుసార్లు పోసినా హాయిగా పట్టేస్తుంది, బయటికి తెలీదు, కాబట్టి ఏది వాడినా బుల్లెట్ కూర్చోబెట్టే ముందు బ్లాకులో నిలబెట్టిన కేసులన్నిట్లోకీ టార్చి వేసి చూడాల్సిందే. నేను అయితే ఇప్పుడే 5744 ఒక డబ్బా కొని, 4759 ఉండగానే రెండూ పక్కపక్కన పెట్టి నీ రైఫిల్‌లో ఏది ఎలా కొడుతుందో చూసుకుంటా, పాతది అయిపోయాక మొదలుపెడితే పోల్చుకోడానికి ఏమీ ఉండదు.

ఇంట్లో పెట్టుకోడం గురించి టూకీగా. ఎన్.ఎఫ్.పి.ఎ. 495 అనే ఫైర్ కోడ్ ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా కంపెనీ డబ్బాల్లో పెట్టుకోవచ్చు, 20 నుంచి 50 దాకా అయితే కనీసం అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టెలో, ప్రైమర్లు 10,000 దాటకూడదు. మీ సిటీ రూలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, అపార్ట్‌మెంట్ అయితే లీజు కూడా చదువు. గట్టిగా మూసుకునే ఇనప సేఫ్‌లో, మిలిటరీ అమ్మో క్యాన్‌లో మాత్రం పెట్టొద్దు, పౌడర్ బయట ఉంటే భగ్గున మండుతుంది అంతే, గట్టిగా బిగించిన ఇనప డబ్బాలో అంటుకుంటే బాంబే. గరాజ్ వద్దు, ఏసీ ఉన్న గదిలో అల్మారా. పాడైన పౌడర్ చెత్తబుట్టలో వెయ్యొద్దు, కంపెనీ సైట్‌లో ఎలా వదిలించుకోవాలో రాసి ఉంటుంది, లేదా క్లబ్బులో పెద్దవాళ్ళని అడుగు.

హైదరాబాద్ ఫ్రెండ్ సంగతి, వద్దు, ఆలోచన కూడా చెయ్యకు. విమానంలో పౌడర్ చేతి బ్యాగులోనూ కుదరదు, చెకిన్‌లోనూ కుదరదు, ఒక్క గ్రాము కూడా. అక్కడ దిగితే ఆర్మ్స్ యాక్ట్ 1959 కాచుకుని ఉంటుంది, ఫ్రెండ్‌కి లైసెన్స్ ఉన్నంత మాత్రాన నువ్వు సూట్‌కేసులో తెచ్చింది లీగల్ అయిపోదు. మన దగ్గర షూటింగ్ అంటే గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టిన ఎయిర్ రైఫిలో, .22 నో, ఎయిర్ రైఫిల్‌కి పౌడరే అక్కర్లేదు, .22 ని రీలోడ్ చేసేవాళ్ళు ఉండరు, కాబట్టి అక్కడివాళ్ళకి మన ఈ గోల అంతా వింతగానే ఉంటుంది.

ఇప్పుడు నీ బేరం. 4 పౌండ్లకి 8 పౌండ్ల వార్గెట్ అంటే పౌండుకి రెండు పౌండ్లు, అదీ వార్గెట్ దొరకడమే కష్టమైన రోజుల్లో. అందులో సగం సరుకు నువ్వు వాడకూడనిది. అంటే నిజానికి 2 పౌండ్లకి 8 అడుగుతున్నాడు. ఆయన మోసగాడని నేననను, ఆ వయసువాళ్ళకి డబ్బా మీద మమకారం ఉంటుంది, రేటు అందులోంచి వస్తుంది. నువ్వు ఇలా చెప్పు, "సార్, సీలు ఉన్న రెండూ తీసుకుంటా, లాట్ నంబర్లు కలిస్తే వార్గెట్ పౌండు డబ్బాలు మూడు ఇస్తా, కలవకపోతే రెండు." జగ్గు విప్పి పంచడాలు వద్దు, నువ్వు ఆయనకిచ్చేది కూడా సీలుతోనే ఉండాలి. క్లబ్బు రేంజ్ పార్కింగ్‌లో కలవండి, ఇద్దరూ డబ్బాలు చూసుకోండి, ఎవరి లాట్ నంబర్ వాళ్ళు రాసుకోండి. కార్లో పెట్టాక దార్లో కాస్ట్‌కోకి వెళ్ళి గంటసేపు ఎండలో వదిలెయ్యకు, నేరుగా ఇంటికి. ఓపెన్ చేసిన రెండూ ఊరికే ఇస్తానన్నా తేవద్దు, ఆయన్నే వాడుకోమను, ఆయనకి వాటి చరిత్ర తెలుసు. ఒప్పుకోకపోతే వదిలెయ్, 5744 తో మొదలుపెట్టు, లాట్ నంబర్ల ఫోటోలు వచ్చాక ఇక్కడే పెట్టు చూస్తా.